మన ఊళ్ళ సెలయేరు ఏడున్నది?

‘ఈ పిల్లలకు రాయడం రాదు.’ మా స్టాఫ్ రూములో ఈ మాట వినబడని రోజు ఉండదు. తెలుగు టీచర్‌ని కాబట్టి, ఈ మాట వచ్చినప్పుడల్లా అందరూ నా వైపే చూస్తారు. సోషల్ సార్‌కు జవాబు పత్రంలో తలాతోకా లేని వాక్యం కనిపించినా, సైన్స్ మేడమ్‌కు ప్రయోగం రాసిన తీరు నచ్చకపోయినా ఆ లెక్క నా ఖాతాలోనే పడుతుంది. పడనివ్వండి. కానీ అదే పిల్లలు బడి గేటు దాటాక ఏం చేస్తున్నారో ఒకసారి చూడండి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ చేతికొస్తే చాలు, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టేస్తారు. అలిగితే రాస్తారు, బతిమాలాలంటే రాస్తారు, క్రికెట్‌కు పదకొండు మందిని పోగేయాలంటే రాస్తారు. ఎవరికి రాస్తున్నారో వాళ్ళకు తెలుసు. అవతలివాళ్ళు చదివి ఏదో ఒకటి అంటారనీ తెలుసు.

బళ్ళో రాసేదానికి ఈ రెండూ లేవు. పరీక్ష పేపర్లో ప్రశ్న అడిగేది నేను, జవాబు ముందే చెప్పింది నేను, దిద్దేదీ నేనే. నాకు తెలియంది ఆ పిల్లవాడు ఏం చెప్తాడు? నేను చెప్పిన పాఠాన్ని నాకే అప్పజెప్తాడు. అలాంటప్పుడు అది గైడులోదైతే ఏమిటి, పక్కవాడి నోట్సులోదైతే ఏమిటి, అక్షరం పొల్లుపోకుండా దింపితే పనైపోతుంది. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు), ఒక్కోదానికి 20 మార్కులు, అందులో ప్రాజెక్టు పనికి 5. ఆ 5 మార్కుల కోసం వచ్చే ప్రాజెక్టు పుస్తకాలు చూస్తే మాకే నవ్వొస్తుంది. అట్ట మారుతుంది, పేరు మారుతుంది, లోపలి విషయం మాత్రం అన్న నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి మేనబావకు ఆస్తిలాగా వస్తుంది.

జవాబు తెలిసినవాళ్ళకే ఎన్నాళ్ళు జవాబులు రాసినా పిల్లలకు రాత పట్టుబడదని నా వాదన. తెలియనివాళ్ళకు, తెలుసుకోవాలని ఉన్నవాళ్ళకు చెప్పాల్సి వస్తే పట్టుబడుతుంది. తరగతికో బ్లాగు ఉండాలని నేను పోరేది ఇందుకు. కంప్యూటర్ మీద మోజు నాకేం లేదు. మా ల్యాబులో ఉన్నవాటిలో ఎన్ని సరిగ్గా ఆన్ అవుతాయో చెప్తే మీకూ ఉండదు.

ఎనిమిదో తరగతికి ‘మా ఊరు’ మీద రాయమని ఇచ్చాను. నేనుండేది నల్లగొండలో, పనిచేసేది మునుగోడు వైపు ఒక ఊళ్ళో. అదంతా మెట్ట. కృష్ణ మా జిల్లా అంచునే పారుతున్నా, ఈ ఊళ్ళకు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే దిక్కుగా ఉండేవి. ఆ నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ సంగతి దేశమంతా ఎరుగుదురు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేరబెట్టి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పడింది. జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది అలాగ. సరే, ఇలాంటి చోట పుట్టి పెరిగిన పిల్లలు ఏం రాశారయ్యా అంటే, ‘మా ఊరు చాలా అందమైనది. చుట్టూ పచ్చని పొలాలు, గలగల పారే సెలయేళ్ళు, పక్షుల కిలకిలారావాలు.’ ఒకరు కాదు, దాదాపు తరగతి అంతా. ఎక్కడి సెలయేళ్ళు? ఏ గైడులోనో పుట్టి, ఏ కోనసీమ మీదుగానో పారి, మా ఎనిమిదో తరగతి నోటుబుక్కుల్లోకి వచ్చి చేరాయి.

నేను దిద్దలేదు. అప్పటికే బడి పేరు మీద గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లో ఒక బ్లాగు తెరిచి ఉంది, పైసా ఖర్చు లేదు. ఆ సెలయేళ్ళలో ఒకదాన్ని ఎత్తి, ఉన్నదున్నట్టు టైపు చేయించి పెట్టాం. లింకును ఊరి వాట్సాప్ గ్రూపులో వేయించాను. ఆ గ్రూపులో ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే ఊరు విడిచినవాళ్ళదే హుషారెక్కువ. మగ్గాల పనికని భివండి, సూరత్, షోలాపూర్ పోయి అక్కడే స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు, దుబాయిలో డ్రైవర్లు, ఎల్బీనగర్‌లో కిరాయికుండి క్యాబు నడిపేవాళ్ళు. రెండు రోజులు తిరక్కుండానే భివండి నుంచి ఒక పెద్దాయన కామెంటు పెట్టాడు: ‘మంచిగ రాసినవ్ బిడ్డా. కాని మన ఊళ్ళ సెలయేరు ఏడున్నది? నేను ఊరిడిసి ముప్పై ఏండ్లాయె. నాకు తెల్వకుంట ఎప్పుడొచ్చింది?’

దాన్ని తరగతిలో చదివి వినిపిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు. రాసిన పిల్లవాడు కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

‘మరి తాతకు జవాబు రాయాలి కదరా’ అన్నాను.

‘సెలయేరు లేదని రాయాల్నా టీచర్?’

‘లేదని ఆయనకూ తెలుసు. ఏమున్నదో రాయి.’

రెండు మూడు రోజులు పోయాక వాడు తెచ్చిన కాగితంలో పక్షుల కిలకిలలు లేవు. వాగు ఉంది. వాన వెలిశాక అందులో నీళ్ళు ఎన్నాళ్ళుంటాయో ఉంది. ఎండిన వాగులో చెలిమె తీస్తే ముందు బురదనీళ్ళు ఊరతాయనీ, రెండుసార్లు ఎత్తిపోశాక తేటవి వస్తాయనీ ఉంది. ఆ తర్వాత ఈ వాక్యం: ‘బోరు నీళ్ళల్ల పప్పు ఉడకది. అందుకే మా నాయనమ్మ పండుగకు పప్పు పెట్టాలంటే చెలిమె నీళ్ళే తెమ్మనేది.’

నా సర్వీసులో ‘మా ఊరు’ వ్యాసాలు కట్టలు కట్టలు దిద్ది ఉంటాను. పప్పు ఉడకని నీళ్ళ గురించి రాసిన వ్యాసం ఇదే మొదటిది. ‘వర్ణన సహజంగా లేదు’ అని నేను ఎర్ర సిరాతో రాసి ఇస్తే ఈ వాక్యం వచ్చేదా? సహజంగా రాయడమంటే ఇంకో నాలుగు పూలచెట్లు కలపడం అనుకునేవాడు. భివండి తాతకు వర్ణనతో పని లేదు. ఆయనకు ఊరు కావాలి. ఆయన ఒక్క ప్రశ్న అడిగేసరికి పిల్లవాడు గైడు పక్కన పడేసి నాయనమ్మ దగ్గర కూర్చున్నాడు.

దాని కింద కామెంట్లు ఎంత పెరిగాయంటే అసలు వ్యాసం చిన్నదైపోయింది. చెలిమెలు వాగుకు ఏ దిక్కున ఉండేవో సూరత్ ఆయనకూ భివండి ఆయనకూ లడాయి. ఎవరో పాత మోటబావి సంగతి ఎత్తారు. సైన్స్ మేడమ్ ఇదంతా చదివి, కఠిన జలం పాఠం చెప్పే రోజు పప్పుతోనే మొదలుపెట్టింది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్ళలో పప్పు ఎందుకు మెత్తబడదో, సబ్బు ఎందుకు నురగ రాదో పిల్లలకు ఒక్క దెబ్బతో అర్థమైంది. 2022–23 నుంచి మా బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పిల్లలు రెండు పేజీలూ దాటేసి గైడుకు పోతున్నారు. పప్పు పుణ్యమా అని ఆ వారం రెండు పేజీలూ తెరిచి చూశారు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే కథ కంచికి పోతుంది, నాకూ మంచి పేరొస్తుంది. కానీ ఆ కాగితంలో ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. రాత్రిళ్ళు వాగులోకి ట్రాక్టర్లు వస్తాయని, ఇసుక ఎత్తుకపోతారని, గుంతలు పడ్డకాడ చెలిమె తీసినా నీళ్ళు ఊరడం లేదని. వ్యాసం మొత్తంలో గట్టి వాక్యాలు అవే. కళ్ళతో చూసింది రాశాడు, దానివల్ల ఏమైందో రాశాడు, ఎక్కడా ఎవర్నీ తిట్టలేదు. పెద్ద పత్రికల జిల్లా ఎడిషన్లో వేసుకోదగ్గ రాత.

నేను ఆ నాలుగు వాక్యాల్నీ బ్లాగులోకి పోనివ్వలేదు.

ఊళ్ళో ఏ ట్రాక్టర్ ఎవరిదో అందరికీ తెలుసు. బ్లాగులో పిల్లల పేర్లు పెట్టం, అయినా ఈ రాత ఎవరి కొడుకుదో కనుక్కోవడానికి పేరు అక్కర్లేదు. నాయనమ్మ మాట చాలు. పదమూడేళ్ళవాడు రాసినదానికి వాళ్ళ నాయన ఎవరి ముందో నిలబడాల్సి వస్తుంది. ఆ నాయన అదే ట్రాక్టర్ మీద కూలికి పోయేవాడైతే? ఆ వాక్యాల్ని తరగతిలో గట్టిగా చదివించాను, నోటుబుక్కులో ఉంచుకోమన్నాను, సోషల్ సార్ సహజ వనరుల పాఠంలో వాటి మీద చర్చ పెట్టాడు. బయటికి మాత్రం పోలేదు. సోషల్ సార్‌కు నా మీద ఇంకా కోపమే. ‘నిజం రాయమన్నదీ మీరే, దాచమన్నదీ మీరే’ అంటాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. రేపు మళ్ళీ అలాంటి కాగితం వచ్చినా నేను ఇదే చేస్తాను. పిల్లల రాతంతా బజార్న పడాల్సిందేనని నేనెప్పుడూ అనలేదు. ఏది పోవాలో ఏది ఆగాలో వాళ్ళతో కూర్చుని మాట్లాడడం కూడా ఈ చదువులో భాగమే. పరీక్ష పేపర్లో ఆ ప్రశ్నే పుట్టదు.

పత్తి సంగతి కూడా చెప్పాలి. దసరా దాటిందంటే మా హాజరు పట్టీలో సున్నాలు మొదలవుతాయి. పిల్లలు పత్తి ఏరడానికి పోతారు. వెనక్కి వచ్చాక వాళ్ళు ఏ పాఠాలు పోగొట్టుకున్నారో మేం లెక్క రాస్తాం. చేనులో ఏం నేర్చుకున్నారో అడిగే గడి ఏ రిజిస్టర్‌లోనూ లేదు. అలా వచ్చిన ఒకమ్మాయిని పత్తి ఎలా ఏరతారో రాయమన్నాను. ‘పత్తి ఎట్లేరాల్నో అందరికి ఎరికే కద టీచర్’ అంది. హైదరాబాదులో ఉన్న పిల్లలకు ఎరుక లేదన్నాను. ఆ పిల్ల రాసింది: పగిలిన కాయ కొసలు గోరు పక్కన గుచ్చుకుంటాయి, అందుకని అమ్మ వేళ్ళకు గుడ్డ పేలిక చుడుతుంది. పొద్దున్నే మంచులో ఏరితే పత్తి బరువు తూగుతుంది గానీ అమ్మకం కాడ తేమ ఉందని ధర కోస్తారు. ఈ తేమ ఎంత ఉంటే ఎంత కోస్తారని లెక్కల సార్ కామెంటులో అడిగాడు. పిల్లలు ఇళ్ళల్లో అడిగి తెలుసుకొచ్చారు. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా పెరిగినకొద్దీ కోత, 12 దాటితే కొనరు. శాతాల పాఠానికి ఇంతకంటే మంచి లెక్క ఏ పుస్తకంలో దొరుకుతుంది? బడికి రాని రోజుల గురించి ఆ పిల్ల తలెత్తుకుని మాట్లాడడం నేను అప్పుడే చూశాను.

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. ఫ్రాన్స్ దక్షిణాన బార్-సుర్-లూ అనే కొండ పల్లెలో సెలెస్టాఁ ఫ్రెనే అనే పంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, గంటలకొద్దీ గొంతెత్తి పాఠం చెప్పే శక్తి లేకుండా పోయింది. 1924లో ఆయన చిన్న అచ్చు యంత్రం ఒకటి తెచ్చి తరగతిలో పెట్టాడు. పిల్లలు తాము చూసినవీ చేసినవీ రాసేవాళ్ళు, అక్షరాలు తామే పేర్చి అచ్చు వేసేవాళ్ళు. ఆ కాగితాలు దేశం ఆ కొసనున్న బ్రిటనీలో, సముద్రం ఒడ్డు ఊరైన ట్రెగాంక్ బడికి పోస్టులో పోయేవి, అక్కడి పిల్లల కాగితాలు ఇక్కడికి వచ్చేవి. సముద్రం ఒడ్డు బతుకు ఎరగనివాళ్ళు అడుగుతారు, కొండ ఎరగనివాళ్ళు అడుగుతారు. ఇక రాయక ఏం చేస్తారు? ఆయన యంత్రం కొన్న నాటికి కంప్యూటరే పుట్టలేదు. మనకు అచ్చు యంత్రమూ పోస్టు బిళ్ళలూ రెండూ ఉచితంగా దొరుకుతున్నా కదలడం లేదు.

అంత దూరం పోనక్కర్లేదు. చదువూ సర్కారు పనీ ఉర్దూలో నడిచే రోజుల్లో, 1922లో, షబ్నవీసు వెంకట రామనరసింహారావు మా నల్లగొండ నుంచి ‘నీలగిరి’ అనే తెలుగు వారపత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, దానికి జవాబుగా ఆయన 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 350 మందికి పైగా కవులు తేలారు. వాళ్ళంతా ఆ ఏడాదే కలం పట్టినవాళ్ళా? ఎప్పటి నుంచో రాస్తున్నారు, వేసేవాళ్ళు లేక ఇళ్ళల్లో ఉండిపోయారు. ‘ఈ పిల్లలకు రాయడం రాదు’ అని స్టాఫ్ రూములో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

బ్లాగులంటే పాతబడిపోయాయి కదా, ఇప్పుడంతా రీల్సే కదా అని మా అమ్మాయే వెక్కిరిస్తుంది. నిజమే. 2008 ప్రాంతంలో నేను తెలుగు బ్లాగులు విడవకుండా చదివేదాన్ని. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది, కూడలి తెరిస్తే కొత్త టపాలన్నీ ఒక్కచోట కనిపించేవి. ఏ పత్రికకూ ఏనాడూ కథ పంపనివాళ్ళు అక్కడ ఎంత బాగా రాసేవాళ్ళో! తర్వాత అందరూ ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. తరగతికి మాత్రం ఆ పాత సామానే పనికొస్తుంది. రీల్ అరనిమిషంలో పైకి జారిపోతుంది. బ్లాగులో పెట్టింది ఏడాది తర్వాత కూడా పెట్టినచోటే ఉంటుంది, మళ్ళీ తెరిచి దిద్దుకోవచ్చు, కిందటేటి పిల్లలు రాసినదాని మీద ఈ ఏటి పిల్లలు ప్రశ్న వేయొచ్చు. కామెంటు కూడా మనం చూసి వదిలితేనే బయటికి కనిపించేలా పెట్టుకోవచ్చు. ఈ చివరి సదుపాయం లేకపోతే నేను దీని జోలికే పోయేదాన్ని కాదు.

‘పిల్లలకు ఫోన్లు అలవాటు చేస్తున్నారు’ అని తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన లేచి అడిగాడు. అడగాల్సిన మాటే. మా దగ్గర రాత అంతా ముందు నోటుబుక్కులోనే. ఒకరిది ఒకరు చదివి, అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత కొడతారు. తిరగరాస్తారు. ఆ తర్వాతే ఇద్దరిద్దరు కూర్చుని బడి కంప్యూటర్‌లోనో నా ఫోన్లోనో ఎక్కిస్తారు. వారానికి ఒక్క పీరియడ్. ఇంటి దగ్గర చేయాల్సింది ఏమీ ఉండదు కాబట్టి ఫోన్ లేని ఇంటి పిల్లలు వెనకబడరు. తెలుగు కీబోర్డు రానివాళ్ళు జీబోర్డ్‌లో వేలితో అక్షరం రాస్తారు, అదే టైపు అవుతుంది. నోటితో చెప్పి టైపు చేయించడం మాత్రం మానిపించాను. మా ఊరి మాటలు దానికి సగం వినబడవు, మిగతా సగం అది తనకు తోచినట్టు మార్చేస్తుంది.

శషసలు, ఒత్తులు తప్పు పోతే బడి పరువేం కావాలని ఇంకో అభ్యంతరం. జంటగా చదివినప్పుడే చాలామటుకు పోతాయి, మిగిలినవి నేను చూస్తాను, అప్పటికీ ఒకటి రెండు మిగిలితే మిగలనీ. ఊరు తగలబడిపోదు. కామెంట్లలో అక్షరదోషాలు ఏరేవాళ్ళు తప్పకుండా తగులుతారు, ముఖ్యంగా రిటైరైన మా బోటి పంతుళ్ళు. వాటిని నేను బయటికి వదలను. పిల్లవాడు చెప్పిన విషయం మీద ఏమైనా అడిగితేనే వదులుతాను.

వివరాల విషయంలో మాత్రం నేను చాదస్తురాలినే. గూగుల్ ఖాతాకు మన దేశంలో 13 ఏళ్ళు నిండాలి, హైస్కూల్లో సగం మందికి నిండవు. కాబట్టి ఖాతా ఒక్కటే, అది టీచర్ చేతిలో. పిల్లల పేర్లు లేవు, ఫొటోలు లేవు, ఊరి పేరు లేదు. గూగుల్‌లో వెతికినా దొరకకుండా సెట్టింగ్ పెట్టాం. తలా ఒక కలం పేరు ఎంచుకున్నారు, ఒకడైతే ‘బత్తాయి’ అని పెట్టుకున్నాడు, వాళ్ళకు తోట ఉంది మరి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందర్నీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, మీటింగులో బ్లాగు తెరిచి చూపించి, ఏం పెడతామో ఏం పెట్టమో చెప్పి సంతకాలు తీసుకున్నాం.

ఇక ఏఐ. వాట్సాప్‌లోనే మెటా ఏఐ ఉంది, ‘మా ఊరు గురించి వ్యాసం’ అని అడిగితే అది కూడా సెలయేరే పారిస్తుంది. గైడు చేసే పనే, ఇంకొంచెం వేగంగా. దాన్ని పట్టుకోవడానికి నేనేం పోలీసు పని చేయడం లేదు. ‘బోరు నీళ్ళల్ల పప్పు ఉడకది’ అన్న మాట వాడి నాయనమ్మ దగ్గరుంది, అక్కడికి పోయి కూర్చుంటేనే దొరుకుతుంది. మన ఊళ్ళ ఏడున్నదని భివండి నుంచి తాత అడిగితే ఏఐని నమ్ముకున్నవాడు నోరెళ్ళబెట్టాలి. ఒకసారి అలా అయిందంటే రెండోసారి వాడే మానుకుంటాడు.

నాకు వీటన్నిటికంటే భయం మార్కులంటే. ‘ఇంత బాగా జరుగుతోంది కదా, దీన్నే ప్రాజెక్టు పనిగా లెక్కేసి ఆ 5 మార్కులు వేసేయండి’ అని తోటి టీచర్లు మంచి మనసుతోనే అన్నారు. వద్దన్నాను. మార్కు పెట్టిన మరుక్షణం చదివేవాళ్ళు మాయమై మళ్ళీ నేనొక్కదాన్నే మిగులుతాను. సెలయేళ్ళు తిరిగొస్తాయి. పైగా ఎవరి టపాకు ఎక్కువ కామెంట్లు వచ్చాయన్న పోటీ ఇప్పటికే లోలోపల ఉంది, దానికి మార్కులు తోడైతే ఊరి గ్రూపులో కామెంట్లు అడుక్కోవడం మొదలవుతుంది.

ఇంకో ప్రమాదం మా పెద్దవాళ్ళ నుంచే. పిల్లల బ్లాగు ఉందని తెలియగానే పైనుంచి కోరికలు మొదలవుతాయి. జెండా పండుగ ఫొటోలు పెట్టండి, వచ్చిన అతిథికి శాలువా కప్పిన ఫొటో పెట్టండి, మొక్కలు నాటినది పెట్టండి. వాటికి బడి వాట్సాప్ స్టేటస్ ఉంది, పత్రికల్లో జిల్లా పేజీ ఉంది. పిల్లల చోటులోకి శాలువాలు ఒకసారి వచ్చాయంటే చెలిమె గురించి చదవడానికి భివండి తాత మళ్ళీ రాడు. మా హెడ్మాస్టర్‌కు ఈ మాట చెప్పడానికి నేను కొంత టెన్షన్ పడాల్సి వచ్చింది గానీ, ఆయన ఒప్పుకున్నారు.

పదో తరగతి జోలికి నేను పోవడం లేదు. వాళ్ళ స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టుల మధ్య దీన్ని దూర్చడం పిల్లలకు శిక్ష. ఆరు నుంచి తొమ్మిది దాకా చాలు. కొత్తగా మొదలుపెట్టాలనుకునే టీచర్లు ఊరి గురించి రాయమని మాత్రం చెప్పకండి, సెలయేళ్ళు మీకూ తగులుతాయి. మీ ఇంట్లో ఏ నీళ్ళతో ఏం వండుతారో రాయమనండి, తాత పోగొట్టుకున్న పని గురించి రాయమనండి. పాలమూరు వైపు టీచర్లయితే, పుణె, ముంబై వలస పోయినవాళ్ళు ఫోన్లో ఇంటికి ఏం చెప్తారో రాయించండి. చదవడానికి ఆ వలస పోయినవాళ్ళే ఉంటారు, అంతకంటే శ్రద్ధగా చదివేవాళ్ళు మనకు దొరకరు.

ఒక్క ప్రశ్నకు మాత్రం నా దగ్గర సగం జవాబే ఉంది. మీకు బదిలీ అయితే? 2024లో బదిలీలు జరిగినప్పుడు టీచర్లతోపాటు వాళ్ళు నడిపే పనులు కూడా లేచిపోయాయి. గోడపత్రిక నడిపే సార్ పోతే గోడ మిగిలింది. ఖాతా బడి పేరు మీద ఉంది కాబట్టి నేను పోయినా బ్లాగు ఎక్కడికీ పోదు, కానీ పాస్‌వర్డ్ నా డైరీలో ఉంటే ఉండీ లేనట్టే. అందుకని దాన్ని కవరులో పెట్టి సీలు వేసి, హెడ్మాస్టర్ బీరువాలో పెట్టించాను. ఛార్జ్ అప్పగించేటప్పుడు కుర్చీలు, మ్యాపులు, గ్లోబు లెక్క రాసే స్టాక్ రిజిస్టర్‌లో ‘బ్లాగు పాస్‌వర్డ్ కవరు – 1’ అని ఎక్కించమన్నాను. క్లర్క్ నా వైపు అదోలా చూసి, ఇది కన్‌జ్యూమబులా (వాడితే అయిపోయేదా) నాన్-కన్‌జ్యూమబులా అని అడిగాడు. నాన్-కన్‌జ్యూమబుల్ అని రాయించాను.